బొమ్మ యింజనునకు మసి

ఇంగ్లండు దేశమున 1934 మొదలు 1951 వఱకు 'బ్లాక్ ఫైవ్' అను తరగతి ఆవిరి యింజనులు 842 నిర్మింపబడినవి. సరకుల బండ్లను, జనుల బండ్లను అవియే లాగినవి. 1968లో బ్రిటిష్ రైల్వేలో ఆవిరి యింజనుల కొలువు ముగిసినది. అట్టి యింజనునకు 76వ వంతు పరిమాణమున అంగడిలో దొరకు బొమ్మ యొకటి నాకడ గలదు. పొడవు జానెడునకు కొంచెము మించును. క్రొత్తలో పెండ్లికొడుకువలె మెఱయుచుండెను. దానికి నేను మసి పూసితిని. పాడుచేసితిరేమని మిత్రులడిగిరి.

ముందుగా కొఱతలు తీర్చవలెను. ముందటి దూలమునకు బ్రేకు గొట్టము, కొక్కెము అమర్చితిని. బొగ్గుపెట్టెలో నిజమైన బొగ్గును నలుగగొట్టి అంటించితిని. పిదప నలుపును గోధుమవర్ణమును పలుచగా కలిపి పూసి, ఆఱకమున్నే గుడ్డతో పైనుండి క్రిందికి తుడిచితిని. సందులలో మాత్రము మసి నిలిచినది. వాన కడిగిన జాడయు నట్లేయుండును.

ప్రతి మరకకును కారణముండవలెను. పొగగొట్టము చేరువ మసి; చక్రములకడ బ్రేకుల రాపిడికి రాలు ఇనుపపొడి చాయ; కవాటముల క్రింద నీటిలోని సున్నపు తెల్లచారలు; కడ్డీలపై నూనె మెఱుపు. కదలు కీళ్లకు రంగు తగిలినచో బొమ్మ నడువదు.

రెండవ ప్రపంచయుద్ధానంతరము తుడుచు పనివారు కొఱవడి, ఆ యింజనులు మసితోనే తిరిగినవి. బొగ్గు వేసినవాని చెమటయు, నడిపినవాని రాత్రులును ఆ మసిలోనే యున్నవి. దానిని తుడిచివేసినచో వారిని మఱచినట్లగును. దుక్కి దున్ని వచ్చిన రైతు కాళ్ల మట్టిని చూచి మనము మోము త్రిప్పుకొందుమా? విజ్ఞులు యోచింతురుగాక.