నక్షత్రాలకు కేడరు లేదు

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి, హెల్తు కార్డుల గురించి చెప్పవలసినదంతా కార్యదర్శిగారు చెప్పారు. భోజనాలకు ఇంకా కొంత వ్యవధి ఉన్నది కనుక, మీకు ఇష్టమైన విషయం మీద నాలుగు మాటలు మాట్లాడండి అని నన్ను ఆదేశించారు. నాకు ఇష్టమైన విషయం ఆకాశం. నేను శాస్త్రవేత్తను కాను. ముప్పై నాలుగేళ్లు ఫైళ్లు చూసి రిటైరైన గుమాస్తాను. గుమాస్తాకు నక్షత్రాలతో పనేమిటని మీలో కొందరు నవ్వుకోవచ్చు. అందుకే ముందుగా ఒక గుమాస్తా కథే చెబుతాను. ఇది కట్టుకథ కాదు.

ఆయన పేరు రాధాగోవింద చంద్ర. 1878లో జెస్సోరు దగ్గర ఒక పల్లెలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉన్నది. ఎంట్రన్సు పరీక్ష మూడుసార్లు తప్పారు. అంతటితో చదువు ఆగిపోయింది. జెస్సోరు కలెక్టరేటు ట్రెజరీలో నాణేలు పరీక్షించే ఉద్యోగంలో చేరారు. మన పాత ట్రెజరీల్లో షరాబు అనేవాళ్లం చూడండి, ఆ పని. జీతం నెలకు 15 రూపాయలు. పగలంతా మంచి రూపాయి ఏది, చెల్లని రూపాయి ఏది అని తేల్చడం, రాత్రి ఇంటికి వచ్చి ఆకాశం చూడడం.

ఈ పిచ్చి ఆయనకు ఎలా పట్టింది? చిన్నప్పుడు బడిలో, బెంగాలీ వాచకంలో, అక్షయ్ కుమార్ దత్తుగారు విశ్వం ఎంత పెద్దదో చెబుతూ రాసిన ఒక వ్యాసం చదివారు. పరీక్ష తప్పిన పిల్లవాడికి కూడా ఆ వ్యాసం అర్థమైంది, ఎందుకంటే అది అతని భాషలో ఉన్నది. ఈ మాట మీరు గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరకు వస్తాను.

1910లో హేలీ తోకచుక్క వచ్చినప్పుడు ఆయన చిన్న బైనాక్యులర్‌తో దానిని చూసి వివరాలు రాసుకున్నారు. 1912లో ఇంగ్లండు నుంచి మూడంగుళాల దూరదర్శిని తెప్పించుకున్నారు. పదిహేను రూపాయల జీతంతో మొదలైన మనిషికి అది ఎంత భారమో ఇక్కడ కూర్చున్న మనకు ఒకరు చెప్పనక్కరలేదు. 1918 జూన్‌లో గరుడ రాశి మండలంలో అంతకుముందు కనబడని ఒక నక్షత్రం హఠాత్తుగా వెలిగింది. దానిని ఎవరూ చెప్పకుండానే తనంతట తాను గుర్తించిన వారిలో ఈయన ఒకరు. ఆ సంగతి అమెరికా దాకా వెళ్లింది. అక్కడ చర నక్షత్ర పరిశీలకుల సంఘం అని ఒకటి 1911లో ఏర్పడింది. దానిని మొదలుపెట్టిన ఆల్కాట్ అనే ఆయనా శాస్త్రవేత్త కాదు, వకీలు. వారు మన ట్రెజరీ గుమాస్తాను సభ్యుడిగా చేర్చుకున్నారు.

చర నక్షత్రం అంటే కాంతి పెరుగుతూ తగ్గుతూ ఉండే నక్షత్రం. పక్కనున్న స్థిరమైన నక్షత్రాలతో పోల్చి ఇవాళ ఇది ఎంత వెలుగుతున్నదో అంచనా వేసి, తేదీ, వేళ వేసి రాసుకోవాలి. మన భాషలో చెప్పాలంటే రోజువారీ లెడ్జరు ఎంట్రీ. ఒక్కరోజు ఎంట్రీకి విలువ లేదు. ఏళ్ల తరబడి తప్పకుండా వేస్తేనే విలువ. పెద్ద వేధశాలలకు ఒక్కో నక్షత్రాన్ని రోజూ చూసే తీరిక ఉండదు. పైగా అమెరికాలో పగలైనప్పుడు అక్కడ ఈ పని సాగదు. అప్పుడు రాత్రిగా ఉన్నది మన దేశం. ఆ సమయానికి జెస్సోరులో ఒక మనిషి మేలుకొని ఉంటేనే లెక్క పూర్తవుతుంది.

రాధాగోవిందగారు 1919 నుంచి 1954 వరకు పంపిన పరిశీలనలు 37,000 పైచిలుకు. లెక్క కట్టి చూశాను. ఏడాదికి వెయ్యికి పైగా, వర్షాకాలాన్ని కూడా కలుపుకొని సగటున రోజుకు మూడు. 1926లో అమెరికా సంఘంవారు ఆయన పనికి మెచ్చి ఆరంగుళాల దూరదర్శినిని ఓడ మీద పంపించారు. దేశ విభజన తరువాత ఆయన పశ్చిమ బెంగాలుకు వచ్చేశారు. 1975లో, తొంభై ఆరేళ్లు దాటిన వయసులో, బీదరికంలోనే కన్నుమూశారు.

ఆ దూరదర్శిని ఏమైంది? తరువాత అది వేణు బప్పుగారికి చేరింది, అక్కడి నుంచి కావలూరు వేధశాలకు వెళ్లింది. ఈ బప్పుగారు మన హైదరాబాదులో పెరిగినవారు. తండ్రిగారు నిజామియా వేధశాలలో ఉద్యోగి. కుమారుడు నిజాం కాలేజీలో చదివి, హార్వర్డుకు వెళ్లి, 1949లో ఒక తోకచుక్కను కనిపెట్టినవారిలో ఒకరయ్యారు. తరువాత అంతర్జాతీయ ఖగోళ సంఘానికి అధ్యక్షులయ్యారు. ఆయన కూడా హైదరాబాదులో విద్యార్థిగా ఉండగా చర నక్షత్రాలే చూసేవారు.

ఇక రెండో సంగతి. నోట్ ఫైలు రాసేది ఒకరు, సంతకం చేసేది వేరొకరు. ఇది మనకు తెలిసిన సంప్రదాయమే. నక్షత్రాల లెక్కల్లోనూ అలాగే జరిగింది. హార్వర్డు వేధశాలలో నూరేళ్ల కిందట ఫొటో పలకలు చూసి లెక్కలు వేసే పని ఆడవారికి ఇచ్చేవారు. వారికి చెల్లించే జీతం తక్కువ కనుక. అందులో హెన్రియెట్టా లీవిట్ అని ఒకామె. వినికిడి లోపం ఉన్నది. గంటకు 30 సెంట్ల కూలి. ఈమె వేలాది నక్షత్రాలు పరిశీలించి, 1912లో ఒక నియమం కనిపెట్టింది. కొన్ని రకాల చర నక్షత్రాలు ఎంత నెమ్మదిగా హెచ్చుతగ్గులవుతాయో, వాటి అసలు కాంతి అంత ఎక్కువ. దీని ఉపయోగం ఏమిటంటారా? వీధి చివర వెలిగే బల్బు అరవై వాట్లదని తెలిస్తే, అది ఎంత మసకగా కనిపిస్తున్నదో చూసి ఎంత దూరంలో ఉన్నదో చెప్పవచ్చు. ఆకాశానికి గజంబద్ద దొరికినట్లయింది. 1923లో హబుల్ ఆండ్రోమెడాలో అటువంటి నక్షత్రం ఒకటి పట్టుకుని, అది మన పాలపుంతకు బయట ఉన్న మరొక పుంత అని నిరూపించగలిగింది ఆ గజంబద్దతోనే.

1912 నాటి ఆ ప్రకటన మీద సంతకం ఆమె అధికారి పికరింగ్‌ది. అయితే ఇది మిస్ లీవిట్ తయారు చేసినది అని ఆయన మొదటి వాక్యంలోనే రాశాడు. ఆ మాత్రం రాసే అధికారులు మనకు ఎందరు తగిలారో మీరే ఆలోచించుకోండి. 1925లో స్వీడన్ నుంచి ఒక గణిత పండితుడు, ఈమె పేరును నోబెల్ బహుమానానికి ప్రతిపాదిద్దామని ఉత్తరం రాశాడు. ఆమె 1921లోనే పోయింది.

ఆకాశం మొత్తాన్ని ఫొటోలు తీసి నక్షత్రాల పట్టిక తయారు చేయాలని 1887లో పారిస్‌లో నిర్ణయించి, దేశదేశాల వేధశాలలకు వాటాలు పంచారు. మన నిజామియా వేధశాలకు ఒక వాటా వచ్చింది. వాటికన్‌కు ఒకటి. వాటికన్ వాటాలో 4,81,215 నక్షత్రాలను కొలిచినవారు నలుగురు సన్యాసినులు. 1910 నుంచి 1921 వరకు ఆ పని చేశారు. వారి పేర్లు 2016 దాకా ఎవరికీ తెలియవు. పాత కాగితాలు సర్దుతుంటే బయటపడ్డాయి. సర్వీసు రిజిస్టరులో ఒక ఎంట్రీ లేకపోతే ఏమవుతుందో పెన్షనర్లకు నేను చెప్పాలా?

మూడోది భాష. ఇందాక గుర్తుంచుకోమన్న మాట ఇదే. మద్రాసు వేధశాలలో చింతామణి రఘునాథాచారిగారు అసిస్టెంటుగా పనిచేశారు. పంచాంగకర్తల కుటుంబం. 1867లో ఒక చర నక్షత్రాన్ని కనుగొన్నారు. 1874 డిసెంబరులో శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా దాటబోతున్నదని, సామాన్యులకు అర్థమయ్యేలా ఇంగ్లీషులోనూ, కొన్ని దేశభాషలలోనూ చిన్న పుస్తకం వేశారు. అదే శుక్రగమనాన్ని విశాఖపట్నంలో అంకితం వెంకట నరసింగరావుగారు, మామగారు గోడే వెంకట జగ్గారావుగారు కట్టించిన వేధశాల నుంచి చూసి వివరాలు లండనుకు రాశారు. డాబా గార్డెన్స్ అని ఇప్పుడూ పిలిచే చోటే అది. నూటయాభై ఏళ్ల కిందటే మనవారికి ఇంత పట్టింపు ఉన్నది. అయితే లండనుకు వెళ్లిన సంగతి పక్కింటికి వెళ్లిందా అన్నది ప్రశ్న.

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మన నడినెత్తిన జరిగింది. రంగాపురం వేధశాలకు ఎక్కడెక్కడి శాస్త్రవేత్తలో వచ్చారు. ఆ వేళకు మా వీధిలో ఒక్క తలుపు తెరిచి లేదు. ఆడవారు, పిల్లలు లోపలి గదుల్లో. తరువాత 1985లో హైదరాబాదులో బిర్లా ప్లానెటోరియం వచ్చి తెలుగులో ఆకాశం చూపడం మొదలైనప్పటికి ఎంతోమంది పిల్లలకు భయం పోయింది. పెద్దలకు మాత్రం పోలేదు.

2019 డిసెంబరు 26 ఉదయం మళ్లీ సూర్యగ్రహణం. మన దగ్గర పాక్షికం. మా కాలనీలో కరపత్రం రాసి పంచాను. ఎవరూ పట్టించుకోలేదు. కొందరు పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెట్టి, చూశారా మహిమ అన్నారు. అడుగు చదునుగా ఉన్న రోకలి ఏ రోజు నిలబెట్టినా నిలబడుతుంది. అటువంటి వేళ మా పాత సహోద్యోగి భార్య, డెబ్భై దాటిన ఫ్యామిలీ పెన్షనరు, వేపచెట్టు కిందకు వచ్చారు. ఆకుల సందుల నుంచి పడే వెలుగు చుక్కలన్నీ నేల మీద నెలవంకల్లా ఉన్నాయి. ప్రతి సందూ ఒక సూదిబెజ్జం, ప్రతి నెలవంకా సూర్యుడి బొమ్మే అని చెప్పాను. ఆవిడ చాలాసేపు చూసి, "ఇన్నేళ్లూ ఇది మా వాకిట్లోనే పడుతున్నదా నాయనా?" అన్నారు.

తరువాత ఆవిడ చేసిన పని వినండి. పక్కింట్లో ఏడో నెల గర్భిణి తెల్లవారుజాము నుంచి మంచినీళ్లు కూడా ముట్టకుండా, కదలకుండా పడుకుని ఉన్నది. గ్రహణం ఇంకా విడవనే లేదు. ఆవిడ గ్లాసుడు పాలు పట్టుకుని వెళ్లి, "నేను బయట నిలబడి చూసి వస్తున్నాను, నాకేమీ కాలేదు, ముందు ఇది తాగు తల్లీ" అన్నారు. ఆ పిల్ల తాగింది. అత్తగారు అడ్డు చెప్పలేదు. నా కరపత్రం ఆ గుమ్మం దాటలేదు. ఆవిడ మాట దాటింది.

నేను చెప్పదలచుకున్నది ఇదే. శాస్త్రంలోకి అందరినీ రానివ్వాలనడం దయాధర్మం కాదు. జెస్సోరు గుమాస్తా లేకపోతే అమెరికావారికి సగం రాత్రి లెక్క లేదు. ఆ పెద్దావిడ లేకపోతే ఆ గర్భిణికి పాలు లేవు. ఎవరిని బయట ఉంచుతామో, వారు మాత్రమే చేరగల చోటును కూడా పోగొట్టుకుంటాము.

మన వయసులో చూపు తగ్గుతుంది, ఇక ఆకాశమెందుకు అని అనకండి. ప్యూర్టోరికోలో పుట్టిన వాండా డియాజ్ మెర్సెడ్ అనే ఆమెకు చదువుకునే రోజుల్లోనే చూపు పోయింది. నక్షత్రాల అంకెలను శబ్దంగా మార్చుకుని, వింటూ ఖగోళ పరిశోధన చేశారు. మన చంద్రశేఖర్‌గారి పేరు పెట్టిన చంద్ర ఎక్స్‌రే దూరదర్శిని చిత్రాలను కూడా 2020 నుంచి శబ్దాలుగా మార్చి వినిపిస్తున్నారు.

చివరగా ఒక ప్రతిపాదన. నెలవారీ సమావేశం తరువాత ఒక అరగంట ఆకాశానికి కేటాయించుదాము. మేడ మీద కాదు, కింద ఆవరణలో, కుర్చీలు వేసి. మోకాళ్ల నొప్పులవారు మెట్లెక్కనక్కరలేదు. మామూలు బైనాక్యులర్ ఒకటి చాలు, గురుగ్రహం చుట్టూ తిరిగే నాలుగు చందమామలు దానితోనే కనిపిస్తాయి. చూపు ఆననివారికి పక్కవారు మాటల్లో చెప్పాలి. సోదరీమణులు వెనక వరుసలో కాక ముందు కూర్చోవాలి. వాచ్‌మన్ పిల్లలను కూడా పిలవాలి. మాటలన్నీ తెలుగులో ఉండాలి. చూసినది తేదీ వేసి రిజిస్టరులో రాయాలి, రాసినవారి పేరుతో సహా. గ్రహణం వచ్చినప్పుడు మాత్రం సూర్యుణ్ణి సూటిగా చూడవద్దు. ఎక్స్‌రే ఫిల్ములు, పసుపు నీళ్లలో ప్రతిబింబాలు కంటికి రక్షణ కావు. అట్టముక్కకు సూదిబెజ్జం పెట్టి నీడలో చూస్తే చాలు.

ఈ ప్రతిపాదనను సభవారి ముందు ఉంచుతున్నాను. బలపరిచేవారు చేయెత్తవలసిందిగా, కార్యదర్శిగారు మినిట్సులో రాసుకోవలసిందిగా కోరుతున్నాను. వడ్డన మొదలైనట్లున్నది.