టిక్కెట్టు లేని దేశభక్తి

(ఒక పఠనమందిరమున చేసిన ఉపన్యాసము)



స్వదేశి పరిశ్రమలను గూర్చి ఉపన్యాసములు వినుట మనకు క్రొత్త గాదు. కావున నేడు మేము సిద్ధాంతములను విడిచి ఒక పొగయోడ చరిత్రమును చెప్పబూనితిమి. అది సముద్రములు దాటిన యోడ గాదు. తూర్పు బంగాళమున ఖుల్నా, బారిసాలు పట్టణముల నడుమ నదులపై జనమును చేరవేసిన స్టీమరు. దాని పేరు సరోజిని. దాని ఆయువు స్వల్పము. అది మన ముందుంచిన ప్రశ్న మాత్రము నేటికిని తీరలేదు.

తూర్పు బంగాళము నీటిదేశము. అచట ఏరులే బాటలు, పడవలే బండ్లు. 1823లో కలకత్తా చెంత ఖిదిర్‌పూరున ‘డయానా’ యను పొగయోడ నీటికి దిగినది. 1834 నుండి ప్రభుత్వమువారు గంగపై అలహాబాదు వరకు స్టీమర్లు నడపిరి. ఆ తొలినాటి యోడలకు ఇరుప్రక్కల పెద్ద చక్రము లుండెడివి. ఆవిరియంత్రము చక్రములను త్రిప్పగా, వాని రెక్కలు తెడ్లవలె నీటిని వెనుకకు నెట్టును. అడుగున లోతుగా మునిగియుండు మర లేనందున ఇసుకమేటలు వేసిన నదులలో గూడ అవి సాగగలిగెను. నది మనది, ప్రయాణికులు మనవారు. కాని బాడుగ సొమ్ము మాత్రము నానాటికి ఆంగ్లకంపెనీల పెట్టెలలో పడజొచ్చెను.

ఈ స్థితి జ్యోతిరింద్రనాథ ఠాగూరు మనస్సును కలచివేసెను. ఆయన రవీంద్రకవికి అన్న. నాటకకర్త, సంగీతవేత్త, చిత్రకారుడు. ఆయన పితామహుడైన ద్వారకానాథ ఠాగూరు 1834లో కార్, ఠాగూర్ కంపెనీని స్థాపించి, రాణీగంజి బొగ్గుగనులను కొని, 1842లో తన సొంత స్టీమరుపై సూయజు వరకు పయనించిన వర్తకవీరుడు. తాత చేసిన పనిని మనుమడు తిరిగి చేపట్టెను. తాతకుగల వర్తకపు లెక్క మాత్రము ఆయనకు అబ్బలేదు. పత్రికలో వేలము ప్రకటన చూచి, 7,000 రూపాయలకు యంత్రము లేని ఉత్త ఓడడొల్లను కొనెను. దానికి యంత్రమును, గదులను అమర్పించి, 1875లో తాను రచించిన నాటకము పేరే పెట్టి, 1884లో నడపించెను.

ఆ కాలముననే కలకత్తానుండి ఖుల్నాకు రైలు వచ్చెను. రైలు దిగినవారు బారిసాలు పోవుటకు స్టీమరు కావలెను. అచట ఫ్లోటిల్లా కంపెనీ యను ఆంగ్లసంస్థ ఎదురైనది. పోటీ ముదిరెను. ఠాగూరు ఒక యోడకు తోడు మరియొక యోడను చేర్చెను. బాడుగలు తగ్గి తగ్గి, తుదకు టిక్కెట్టు అచ్చువేయుటయే దండుగయైనది. జనులను ఉచితముగా ఎక్కించుకొనుటయే గాక, వారికి ఫలాహారము గూడ పెట్టిరి! యువకులు దళములుగా చేరి, జెండాలు పట్టి, దేశభక్తిగీతములు పాడుచు ప్రయాణికులను ఊరేగింపుగా దేశీయుని యోడకు తోడ్కొనివచ్చిరి. ఓడ నిండినది, పెట్టె నిండలేదు. ఇంతలో ‘స్వదేశి’ యను పేరుగల ఆయన యోడ హౌరా వంతెనకు తగిలి మునిగిపోయెను. ఆ దెబ్బతో ఆయన శక్తి అడుగంటెను, వ్యాపారము ముగిసెను. నష్టమంతయు ఒక్కని తలపై బడెను.

సోదరులారా! ఉద్యమములలో జెండా పట్టి నడచిన మేము ఆ యువకులను నిందింపజాలము. వారి యుత్సాహము కల్ల గాదు. కాని ఆ యుత్సాహము ఓడకు జనమును తెచ్చెనే గాని బొగ్గునకు వెల తేలేదు. వారి జయధ్వానములతో సరంగు ఇల్లు గడచునా? ఎదిరి కంపెనీ బాడుగ తగ్గించుట ప్రయాణికునిపై జాలిచేత గాదు. పోటీదారు పోయిన పిమ్మట ఆ రేవున బాడుగ నిర్ణయించువాడు తానొక్కడే యగునని దానికి తెలియును. నేడు ఉచితముగా ఎక్కినవాడు రేపటి బాడుగను అప్పుగా వ్రాసియిచ్చుచున్నాడన్న మాట.

పేదరైతు ఒక అణా ఎక్కువ యిచ్చి ఏల ఎక్కవలెనని మీరు అడుగవచ్చును. ఎక్కువ యిమ్మని మేము కోరలేదు. న్యాయమైన బాడుగ యిచ్చిన చాలును. ఇయ్యగలవారు వాటాయు కొనవలెను. ఈ సూత్రమును గ్రహించినవాడు తూత్తుకుడి న్యాయవాది వి. ఓ. చిదంబరం పిళ్ళ. 1906లో ఆయన స్థాపించిన స్వదేశి స్టీమ్ నావిగేషన్ కంపెనీ మూలధనము 10 లక్షల రూపాయలు. వాటా 25 రూపాయలు. భారము ఒక్కనిపై గాక పలువురిపై బడెను. కాని 1908లో ప్రభుత్వము ఆయనను చెరలో వేసెను; 1911 నాటికి కంపెనీ అంతరించెను. వాటాదారులున్నను రాజ్యము పగబట్టినచో ఓడ నిలువదని అప్పుడు తేలినది.

అయినను ఆ ప్రయత్నములు అంతటితో ఆగలేదు. 1919లో స్థాపితమైన సింధియా కంపెనీ బాడుగపోటీలకు తట్టుకొని నిలిచెను. ఆ కంపెనీయే మన విశాఖపట్టణమున ఓడల కార్ఖానా కట్టెను. 1941లో బాబూ రాజేంద్రప్రసాదు దానికి శంకుస్థాపన చేసిరి. 1948లో అచట కట్టిన ‘జల ఉష’ను జవహర్‌లాలు నెహ్రూ నీటికి విడిచిరి. 1884లో భారతీయుడొకడు డొల్లను వేలములో కొనవలసివచ్చెను. అరువదినాలుగేండ్లకు తెలుగుతీరమున భారతీయులే డొల్లను కట్టిరి.

నేడు మనకు చట్టమున్నది. విపణిలో పెత్తనము గలవారు పోటీదారును రూపుమాపుటకై, అయిన ఖర్చుకన్న తక్కువ ధరకు అమ్ముటను 2002 సంవత్సరపు కాంపిటీషన్ చట్టము 4వ సెక్షను నిషేధించుచున్నది. మంచిదే. కాని మా వృత్తిలో మేమెరిగిన సంగతి యొకటి గలదు: వ్యాజ్యము తీరులోపల అంగడి మూతపడవచ్చును. ఉచితముగా వచ్చిన వస్తువును చూచి సంతసించుటకు ముందు, దాని వెల నెవరు చెల్లించుచున్నారని అడుగుట పౌరుని విధి.

మన ఊరి నేతగాని బట్టయైనను, సహకారసంఘపు సరకైనను, ఈ పఠనమందిరపు చందాయైనను న్యాయ మొక్కటే. జయము పలుకుడు, పాట పాడుడు, జెండా యెత్తుడు. అంతకు ముందు టిక్కెట్టు కొనుడు.