తొండ వేరు, ఊసరవెల్లి వేరు

(లాలాగూడలో జరిగిన యువజన సమావేశంలో ఒక హాస్టల్ వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)



చదువుల గురించి, ఉద్యోగాల గురించి నాలుగు మాటలు చెప్పమని సంఘం పెద్దలు మమ్మల్ని పిలిచారు. అవి మనం రోజూ చెప్పుకునేవే. ఇవాళ మేము ఊసరవెల్లి గురించి మాట్లాడతాం. నవ్వకండి, ఎందుకో చెబుతాం.

పోయిన వానాకాలంలో ఒక ఆదివారం పొద్దున హాస్టల్ వెనక గోడ దగ్గర పిల్లల కేకలు వినిపించాయి. గోడ మీద తల, మెడ ఎర్రగా మారిన ఒక జీవి ఉంది. "ఊసరవెల్లిరా! దూరం నుంచే రక్తం పీలుస్తది, కొట్టండి!" అని రాళ్లు అందుకున్నారు. మేము మెట్లు దిగి వెళ్లేసరికే అది చచ్చిపోయింది. నల్లమల వైపు నుంచి ఆ ఏడాదే ఆరో తరగతిలో చేరిన ఒక పాప దూరంగా నిలబడి, "మేడం, అది ఊసరవెల్లి కాదు, తొండ. ఊసరవెల్లి అంత జోరుగా ఉరకదు" అంది. "అడవిపిల్లకు అడవి జంతువులే తెలుసు" అని ఎవరో వెక్కిరించారు. అందరూ నవ్వారు. ఆ తర్వాత చాలా రోజులు ఆ పాప క్లాసులో నోరు తెరవలేదు.

నిజం ఒప్పుకోవాలి. మేము టీచర్ ట్రైనింగ్ చేసినవాళ్లం. రంగు మారితే చాలు ఊసరవెల్లే అని మేమూ అనుకున్నాం, పిల్లలకూ అదే చెప్పాం. ఆ తొండ చావులో మా తప్పు కూడా ఉంది. అందుకే పుస్తకాలు తీసి మళ్లీ చదువుకున్నాం. చదివింది మీతో పంచుకుంటాం.

ముందు తొండ సంగతి. మన లాలాగూడ రైల్వే క్వార్టర్ల గోడల మీద, కంచెల మీద తల ఊపుతూ కనిపించేది తొండ. జత కట్టే కాలంలో మగ తొండకు తల, గొంతు ఎర్రబడతాయి. ఆ ఎరుపు చూసే రక్తం పీలుస్తుందని ఎవరో పుట్టించారు. అది తినేది పురుగులను. "తొండ ముదిరి ఊసరవెల్లి అయింది" అని సామెత ఉంది కానీ, తొండ ఎంత ముదిరినా తొండే. రెండూ బల్లుల జాతివే అయినా కుటుంబాలు వేరు.

ఇక ఊసరవెల్లి. నల్లమల లాంటి మన అడవుల్లో, పొదల్లో ఉండేది భారత ఊసరవెల్లి. దాని పాదం చూస్తే చాలు, తొండ కాదని తెలిసిపోతుంది. తొండకు అయిదు వేళ్లూ విడివిడిగా ఉంటాయి. ఊసరవెల్లికి రెండు వేళ్లు ఒక పక్క, మూడు వేళ్లు మరో పక్క కలిసిపోయి పటకారులా ఉంటాయి. ముందు కాళ్లకు లోపలి వైపు మూడు, బయటి వైపు రెండు. వెనక కాళ్లకు ఇది తిరగబడుతుంది. సన్నని కొమ్మను గట్టిగా పట్టుకోవడానికే ఈ ఏర్పాటు. తోక కూడా అయిదో చేయి లాంటిది, కొమ్మకు చుట్టుకుంటుంది. ఇంట్లో బల్లి తోక తెగితే మళ్లీ మొలుస్తుంది. ఊసరవెల్లి తోక పోతే పోయినట్టే.

కళ్ల సంగతి మరీ వింత. రెప్పలు కలిసిపోయి నడుమ చిన్న రంధ్రం మాత్రమే ఉంటుంది. ఒక కన్ను ముందుకు, ఇంకో కన్ను వెనక్కు ఒకేసారి చూడగలదు. తల తిప్పకుండానే దాదాపు చుట్టూ చూస్తుంది. పురుగు కనబడగానే రెండు కళ్లూ దాని మీదికే తిప్పి దూరం అంచనా వేస్తుంది. అప్పుడు నాలుక వదులుతుంది.

ఆ నాలుక ఒంటి పొడవు కన్నా ఎక్కువ దూరం వెళ్తుంది. విల్లు లాగి బాణం వదలడం మీ తాతలను అడగండి, చెబుతారు. చేతి బలం ముందు వింటిలో నిలవ ఉంటుంది, వదలగానే బాణంలోకి పోతుంది. ఊసరవెల్లి నాలుకలోనూ అంతే. కండరం బిగుసుకుని, సాగే పొరల్లో బలం నిలవ చేసి, ఒక్కసారి వదులుతుంది. 2016లో శాస్త్రవేత్తలు దాని నాలుక కొన మీది జిగురును కొలిచారు. మనిషి ఉమ్మి కన్నా సుమారు 400 రెట్లు చిక్కగా ఉందట.

రంగు దగ్గరికి వద్దాం. ఏ రంగు గుడ్డ మీద పెడితే ఆ రంగుకు మారుతుందని అందరం అనుకుంటాం. అలా మారదు. ఆకుపచ్చగా ఉండి, గాలికి ఆకులా ఊగుతూ నడవడం వల్ల చెట్టులో కలిసిపోతుంది, అది నిజమే. కానీ రంగు మార్చడం ఎక్కువగా దాని ఒంటి స్థితిని బట్టి జరుగుతుంది. పొద్దున చలికి వేడి పట్టడానికి నల్లబడుతుంది. భయపడితే, కోపం వస్తే, ఇంకో మగది ఎదురైతే, జత కోసం పిలిస్తే రంగులు మారతాయి. దానికి గట్టి గొంతు లేదు, బయటికి కనబడే చెవులూ లేవు. తోటి ఊసరవెల్లికి ఏదైనా చెప్పాలంటే ఎక్కువగా రంగుతోనే చెబుతుంది.

ఎలా మారుస్తుందో 2015లో జెనీవా విశ్వవిద్యాలయం వాళ్లు మడగాస్కర్ ఊసరవెల్లిలో తేల్చారు. చర్మం లోపల ఒక పొరలో గ్వానిన్ అనే పదార్థపు అతి చిన్న స్ఫటికాలు వరుసగా ఉంటాయి. నెమ్మదిగా ఉన్నప్పుడు అవి దగ్గర దగ్గరగా ఉండి నీలి వెలుగును తిప్పి పంపుతాయి. పైనున్న పసుపుతో కలిసి మనకు ఆకుపచ్చ కనబడుతుంది. ఉద్రేకం వస్తే స్ఫటికాలు ఎడంగా జరుగుతాయి, పసుపు, నారింజ, ఎరుపు బయటపడతాయి.

ప్రపంచంలో 200కు పైగా ఊసరవెల్లి జాతులు ఉన్నాయి. దాదాపు సగం మడగాస్కర్‌లోనే. అక్కడ 2021లో ప్రకటించిన ఒక జాతిలో మగదాని ఒళ్లు తోక కాకుండా 13.5 మిల్లీమీటర్లే, మన వేలి గోరు మీద పడుతుంది.

మన ఊసరవెల్లికి విషం లేదు. నెమ్మదిగా నడుస్తుంది. గుడ్లు పెట్టడానికి ఆడది చెట్టు దిగి నేల తవ్వాలి. అలా నేల మీద, రోడ్ల మీద నడిచేటప్పుడే బండ్ల కింద పడుతుంది, మూఢనమ్మకంతో కొట్టేవాళ్ల చేతికీ చిక్కుతుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 దానికి రక్షణ ఇచ్చింది. పట్టడం, అమ్మడం, చంపడం నేరం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మాట మార్చేవాడిని, పార్టీ మార్చేవాడిని ఊసరవెల్లి అని తిడతాం. మీలో చాలామంది సిటీకి వచ్చాక ఫోన్‌లో అమ్మతో గోండీలోనో, కోయలోనో, లంబాడీలోనో మాట్లాడుతుంటే పక్కన ఎవరైనా రాగానే తెలుగులోకి మారిపోతారు. మేము రోజూ చూస్తూనే ఉన్నాం. దాన్ని తప్పని అనం. ఎవరూ వెక్కిరించకూడదనే కదా ఆ జాగ్రత్త. మా భయమల్లా ఒకటే. ఆ పాప లాగా తెలిసిన మాట కూడా చెప్పకుండా మీరు నోరు మూసుకుంటారేమోనని.

అందుకే మా హాస్టల్‌లో ఒక నోటుబుక్కు మొదలుపెట్టాం. సెలవులకు ఊరెళ్లిన ప్రతి పిల్లా పిల్లాడూ ఒక జీవి పేరు తమ భాషలో తాతనో అవ్వనో అడిగి రాసుకురావాలి. అది ఎక్కడుంటుంది, ఏం తింటుంది, ఎప్పుడు కనబడుతుందో కూడా రాయాలి. మీరు కాలేజీల్లో, గదుల్లో ఉండేవాళ్లు కూడా రాయండి. ఊసరవెల్లితోనే మొదలుపెట్టండి. కనబడితే తాకకండి, ఫోటో తీయండి, ఎక్కడ చూశారో, ఏ తేదీన చూశారో రాయండి. ఊళ్లో ఎవరైనా కొట్టబోతే ఆపి, విషం లేదని చెప్పండి.

మొదటి పేజీ ఎవరు రాశారో మీకు తెలిసే ఉంటుంది. దసరా సెలవుల తర్వాత ఆ పాప బోర్డు మీద ఊసరవెల్లి పాదం గీసి, వేళ్లు లెక్కపెట్టి చూపించింది. రాయి విసిరిన పిల్లలే నోట్సులో ఎక్కించుకున్నారు. మేము కూడా వెనక బెంచీలో కూర్చుని ఎక్కించుకున్నాం.