గోడలపై పూచిన పువ్వులు: మన హక్కు, మన బాధ్యత



మస్జిదు గోడపై పువ్వు ఎందుకుందని పిల్లలు అడిగితే, అందం కోసమని చెప్పి ఊరుకుంటున్నాము. ఆ సమాధానం చాలదు.

ఆరాధనా స్థలాలలో ప్రాణుల చిత్రాలకు చోటివ్వని మన కళాకారులు అక్షరాలను, రేఖాకృతులను, లతలను ఆశ్రయించారు. దివ్య ఖుర్ఆన్ స్వర్గాన్ని క్రింద సెలయేళ్లు ప్రవహించే ఉద్యానవనంగా వర్ణించింది. గోడపై పాకిన తీగ విశ్వాసికి ఆ వనాన్ని స్ఫురింపజేస్తుంది.

టర్కీ భాషలో తులిప్ పువ్వును 'లాలే' అంటారు. అరబీ లిపిలో ఆ పదానికీ, 'అల్లాహ్' నామానికీ అక్షరాలు ఒకటే: ఒక అలిఫ్, రెండు లామ్‌లు, ఒక హే. అబ్జద్ లెక్కలో రెండింటి విలువా 66. ఇస్తాంబుల్‌లోని రుస్తుం పాషా మస్జిదు గోడల నిండా ఈ పువ్వులే. అయితే పువ్వు ఆరాధ్యం కాదు. సృష్టికర్తను గుర్తుచేసే సూచన మాత్రమే.

మన దేశంలో 1620లో జహాంగీర్ కాశ్మీరు వసంతాన్ని దర్శించాడు. ఆయన చిత్రకారుడు ఉస్తాద్ మన్సూర్ అక్కడి పూలను వందకు పైగా చిత్రించాడు. షాజహాన్ కాలంలో అటువంటి పూలమొక్కలే తాజ్‌మహల్ పాలరాతిపై వికసించాయి. మృత్యువు ఎదుట నిలిచిన ఆ పూలు పరలోక జీవితంపై ఆశను పలుకుతున్నాయి.

ఇక మన హైదరాబాదుకు వద్దాము. ముహమ్మద్ కులీ కుతుబ్ షా 1594లో నిర్మించిన బాద్షాహీ ఆషూర్‌ఖానా గోడలను 1611 నాటికి రంగురంగుల మెరుగు పలకలు అలంకరించాయి. 1908 మూసీ వరదలో క్రింది భాగపు పలకలు దెబ్బతిన్నాయి. ఆ చోట తరువాత రంగులతో అనుకరణ చిత్రించారు. పోయిన పనితనం మాత్రం తిరిగి రాలేదు.

ఈ కళ పరాయిదని కొందరంటారు. మచిలీపట్నం కలంకారీ అద్దకాన్ని చూడండి. పారశీక లతలు తెలుగు పనివారి చేతులలో చెక్క అచ్చులై, కులమత భేదం లేకుండా ఎన్నో తెలుగిళ్ల దుప్పట్లపైకి చేరాయి. ఇక పరాయితనం ఎక్కడ?

తమ సంస్కృతిని పరిరక్షించుకునే హక్కును రాజ్యాంగం 29వ అధికరణం మనకు ఇచ్చింది. ఆ హక్కును ప్రభుత్వం ముందుంచే మనమే పాత గచ్చు పూలపై ఆయిల్ పెయింటు పూస్తున్నాము. ఫ్యాన్ల కోసం, లైట్ల కోసం వాటికి మేకులు కొడుతున్నాము. మరమ్మతుల పేరుతో సిమెంటు మెత్తుతున్నాము. వరద చేసిన నష్టానికి మనం కారకులం కాము. ఈ నష్టానికి మాత్రం మనమే జవాబుదారులము.

కనుక మస్జిదు, దర్గా కమిటీల పెద్దలకు మా విన్నపం ఒక్కటే. మరమ్మతుకు ముందు ప్రతి గోడను ఫోటో తీయించండి. పాత కట్టడాల పని తెలిసినవారిని సంప్రదించండి. పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లి ఆ పువ్వుల అర్థం చెప్పండి. అర్థం తెలిసిన చేయి ఆ పువ్వుపై సున్నం వేయదు.

అల్లాహ్ మనకు ఆ సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.