నంద్యాల ఓటు: ఐదు లక్షల ఆధిక్యం, ఆ తర్వాత

(నియోజకవర్గ ముస్లిం కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





నంద్యాల లోక్‌సభ నియోజకవర్గ ఎన్నికల చరిత్రపై మాట్లాడమని నిర్వాహకులు నన్ను కోరారు. ఇది పల్లెల నియోజకవర్గం. నంద్యాల, డోన్ వంటి పట్టణాలను పక్కన పెడితే మిగిలినదంతా కేసీ కాలువ కింది వరి పొలాలు, నల్లరేగడిలోని శనగ చేలు, నల్లమల అంచు గ్రామాలు. అటువంటి ప్రాంతం దేశానికి ఒక రాష్ట్రపతిని, ఒక ప్రధానమంత్రిని ఇచ్చింది. ఆ ఇద్దరికీ వేసిన ఓట్లలో మన ఓటు కూడా ఉంది. ఆ ఓటుకు ఏమి దక్కిందన్నదే ఈరోజు నా విషయం.

1952లో తొలి సార్వత్రిక ఎన్నికలు జరిగినప్పుడు మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం. అప్పుడు ఇక్కడి ప్రజలు రాయసం శేషగిరిరావు అనే స్వతంత్ర అభ్యర్థిని గెలిపించారు. ఆ తరువాత కొంతకాలం నంద్యాల పేరుతో లోక్‌సభ స్థానమే లేదు. 1967లో అది మళ్ళీ ఏర్పడింది. అప్పటినుంచి పెండేకంటి వెంకటసుబ్బయ్య కాంగ్రెస్ తరఫున గెలుస్తూ వచ్చారు. 1977లో దేశమంతటా ఇందిరాగాంధీకి వ్యతిరేకంగా గాలి వీచినా ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాలలో 41 కాంగ్రెస్‌కే దక్కాయి. మిగిలిన ఆ ఒక్క స్థానం నంద్యాల. ఇక్కడ జనతా పార్టీ అభ్యర్థిగా గెలిచిన నీలం సంజీవరెడ్డి మొదట లోక్‌సభ స్పీకర్ అయ్యారు, అదే సంవత్సరం జూలైలో పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. రాష్ట్రమంతా ఒకవైపు నిలిచినప్పుడు మరొకవైపు నిలవగల తెగువ ఈ నేల వారికి ఉందని ఆ ఫలితం చెబుతుంది. 1980లో పెండేకంటి తిరిగి గెలిచారు. 1984లో తెలుగుదేశం, 1989లో కాంగ్రెస్ గెలిచాయి. ఆ వివరాలలోకి వెళ్ళను.

1991 దగ్గర మాత్రం కాసేపు ఆగాలి.

ఆ సంవత్సరం జూన్ 21న పి.వి. నరసింహారావు ప్రధానమంత్రిగా ప్రమాణం చేశారు. అప్పటికి ఆయన పార్లమెంటు ఉభయ సభలలో దేనిలోనూ సభ్యుడు కారు. ఆరు నెలలలోగా ఎన్నిక కావలసి ఉంది. నంద్యాల సభ్యుడు గంగుల ప్రతాపరెడ్డి రాజీనామా చేసి స్థానం ఖాళీ చేశారు. తెలుగువాడు ప్రధాని అయిన వేళ పోటీ పెట్టడం తగదని ఎన్.టి. రామారావు తెలుగుదేశం అభ్యర్థిని నిలపలేదు. ప్రధాన ప్రత్యర్థిగా మిగిలినది భారతీయ జనతా పార్టీకి చెందిన బంగారు లక్ష్మణ్. పి.వి.కి 6,26,241 ఓట్లు వచ్చాయి. ఆధిక్యం 5,80,297. ఆనాటికి అది ఒక రికార్డు.

మా ఇంట్లో ఆ రోజులు నాకు బాగా గుర్తున్నాయి. అబ్బా కాలువ గట్టు వెంట నడిచి పోలింగు కేంద్రానికి వెళ్ళి, వేలిమీది సిరా గుర్తును దాదీకి చూపించారు. "ప్రధానమంత్రి మన ఎంపీ అవుతున్నాడమ్మా" అన్నారు. ఆ సంబరానికి కారణం ప్రాంతీయాభిమానం ఒక్కటే కాదని నా అభిప్రాయం. రథయాత్ర రగిల్చిన భయం అప్పటికింకా చల్లారలేదు. ఎదుట నిలిచినది ఆ యాత్ర చేసిన పార్టీ. పైగా 1947 ఆగస్టు 15 నాడు ఏ ప్రార్థనా స్థలం ఏ మతానికి చెంది ఉన్నదో అలాగే ఉండాలన్న చట్టాన్ని పి.వి. ప్రభుత్వమే ఉప ఎన్నికకు రెండు నెలల ముందు, సెప్టెంబరులో తెచ్చింది. అయితే అయోధ్య వివాదాన్ని ఆ చట్టం నుంచి మినహాయించారు. ఆ మినహాయింపు మా వీధిలో ఎంతమందికి తెలిసి ఉంటుంది? అబ్బాకు తెలియదు.

ఏడాది తిరిగింది. 1992 డిసెంబరు 6, ఆదివారం. బాబ్రీ మసీదు నేలమట్టమైంది. రాత్రి అబ్బా రేడియో ముందు కూర్చుని వార్తలు విన్నారు, మాటా పలుకూ లేదు. ఇషా నమాజుకు వెళ్ళి చాలా ఆలస్యంగా వచ్చారు. మసీదును కాపాడతామని ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం సుప్రీంకోర్టుకు హామీ ఇచ్చింది. ఆ హామీని నమ్మి కూర్చున్న కేంద్ర ప్రభుత్వానికి అధిపతి నంద్యాల పార్లమెంటు సభ్యుడు. విచారణకు నియమించిన లిబర్‌హాన్ కమిషన్ నివేదిక ఇవ్వడానికి 2009 వరకు పట్టింది.

1996లో పి.వి. మళ్ళీ నంద్యాలలో నిలిచారు. ఈసారి తెలుగుదేశం భూమా నాగిరెడ్డిని నిలిపింది. పి.వి. గెలిచారు గానీ ఆధిక్యం లక్షకు లోపే ఆగిపోయింది. ఒడిశాలోని బరంపురంలోనూ గెలిచి, దానినే ఉంచుకుని నంద్యాలను వదులుకున్నారు. తరువాతి ఉప ఎన్నికలో భూమా గెలిచారు.

ఐదు లక్షల ఎనభై వేలు లక్షకు పడిపోవడాన్ని "బాబ్రీకి నంద్యాల ముస్లింలు చెప్పిన జవాబు" అని మనవాళ్ళు కొందరు వేదికలెక్కి చెబుతుంటారు. వినడానికి బాగుంటుంది. నేను ఆ మాటను ఒప్పుకోలేను. 1991లో తెలుగుదేశం పోటీలో లేదు, 1996లో ఉంది. తేడాలో చాలా భాగం అక్కడే తేలిపోతుంది. మిగిలిన దానిలో మన కోపం ఎంత, రాయలసీమ వర్గాల లెక్క ఎంత అని విడదీసి చూపగల కాగితం ఏదీ లేదు. నిరూపించలేని ఘనతను మనకు మనం అంటగట్టుకుంటే, రేపు నిరూపించలేని నిందను ఎదుటివాడు మనకు అంటగట్టినప్పుడు ఏమని అడుగుతాం? అబ్బా 1996లో ఎవరికి వేశారో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. దాదీ అడిగింది కూడా.

ఇక ప్రాతినిధ్యం సంగతి. 2011 జనగణన ప్రకారం అవిభక్త కర్నూలు జిల్లా జనాభాలో ముస్లింలు సుమారు 16 శాతం. బనగానపల్లె 1948 వరకు నవాబుల సంస్థానం. ఇన్ని తరాల ఉనికి ఉన్నచోట ఇంతవరకు ఒక్క ముస్లిం కూడా లోక్‌సభకు వెళ్ళలేదు. 1991లో గుంటూరు నుంచి లాల్‌జాన్ బాషా వెళ్ళారు, 2004లో హిందూపురం నుంచి నిజాముద్దీన్ వెళ్ళారు. నంద్యాల నుంచి ఎవరూ లేరు.

ప్రయత్నం జరగలేదని కాదు. ఎన్.ఎం.డి. ఫరూక్ నంద్యాల అసెంబ్లీ స్థానంలో 1985, 1994, 1999లలో గెలిచారు, 2024లో మళ్ళీ గెలిచి మంత్రి అయ్యారు. అదే ఫరూక్‌ను తెలుగుదేశం 2009లోనూ 2014లోనూ లోక్‌సభకు నిలిపితే రెండుసార్లూ ఎస్.పి.వై. రెడ్డి చేతిలో ఓడిపోయారు. బి.జె.పి.తో పొత్తు వల్ల ముస్లింలు దూరమై ఓడిపోయారని కొందరు అంటారు. 2014కు ఆ వాదన సరిపోవచ్చు. 2009లో ఆ పార్టీ వామపక్షాలతో కలిసి పోటీ చేసింది, అప్పుడూ ఓడిపోయారు. 1999లో, 2024లో బి.జె.పి.తో పొత్తులో ఉండి అసెంబ్లీకి గెలిచారు. కాబట్టి పొత్తు ఒక్కటే కారణమని తేల్చలేం. నా పరిశీలన వేరు. నంద్యాల పట్టణంలో మన ఓటు దగ్గరదగ్గరగా ఉంది, అసెంబ్లీకి అది చాలు. లోక్‌సభకు ఏడు నియోజకవర్గాలు కలవాలి. ఆళ్ళగడ్డ, శ్రీశైలం, నందికొట్కూరు, పాణ్యం, బనగానపల్లె, డోన్‌లలో మనం ఊరికి పది ఇళ్ళు, ఇరవై ఇళ్ళుగా చెదిరి ఉన్నాం. అక్కడ ఓటును నడిపేది గ్రామంలోని పెద్ద కుటుంబాలే. దూదేకుల సోదరులు బి.సి.-బి లోనూ షేక్ తదితరులు బి.సి.-ఇ లోనూ ఉన్నందున, రిజర్వేషన్ల చర్చ వచ్చినప్పుడు మనలో మనమే రెండు గొంతులతో మాట్లాడుతున్నామన్నది కూడా చెప్పక తప్పదు.

గెలిపించిన వారు గెలిచిన గుర్తుతోనే ఉంటారన్న భరోసా కూడా మనకు దక్కలేదు. 2014లో వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ గుర్తుపై గెలిచిన ఎస్.పి.వై. రెడ్డి రోజుల వ్యవధిలో తెలుగుదేశం వైపు వెళ్ళారు. 2019లో జనసేన తరఫున నిలిచి, పోలింగు ముగిసి లెక్కింపు జరగకముందే మరణించారు. ఆ ఎన్నికలో పోచా బ్రహ్మానందరెడ్డి, 2024లో బైరెడ్డి శబరి గెలిచారు. 2025 ఏప్రిల్‌లో వక్ఫ్ సవరణ బిల్లు లోక్‌సభకు వచ్చినప్పుడు నంద్యాల సభ్యురాలి పార్టీ దానికి మద్దతిచ్చింది. 2024లో ఇంటింటికీ వచ్చి ఓట్లడిగిన వారిని వక్ఫ్ గురించి ఒక్క మాట అడిగిన వారు ఈ సభలో ఎందరున్నారు? నేనూ అడగలేదు.

ఇంకొక విషయం మన భద్రతకు సంబంధించినది. బ్యాలెట్ పత్రాల కాలంలో అనేకచోట్ల వేర్వేరు కేంద్రాల ఓట్లను కలిపివేసి లెక్కించేవారు. ఓటింగు యంత్రాలు వచ్చాక ప్రతి కేంద్రం లెక్క విడిగా ఫారం 20లో కనబడుతుంది. ఏ మొహల్లా ఎవరికి వేసిందో గెలిచినవాడు, ఓడినవాడు ఇద్దరూ చూడగలరు. 2017 ఆగస్టులో నంద్యాల అసెంబ్లీ ఉప ఎన్నిక జరిగినప్పుడు ముస్లిం వీధుల చుట్టూ రెండు పెద్ద పార్టీలూ ఎలా తిరిగాయో మీరు చూశారు. వీధివారీగా లెక్క దొరుకుతుందన్న ధీమాతోనే అంతటి ఆరాటం. అదే లెక్క తరువాత రోడ్డు, కుళాయి, పింఛను ఆపడానికీ పనికివస్తుంది. యంత్రాల ఓట్లను కలిపి లెక్కించే టోటలైజర్‌ను ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించింది. 2015లో లా కమిషన్ దానిని బలపరిచింది. కేంద్రం అంగీకరించలేదు. మన సంఘాలు ఏటా ఇచ్చే వినతిపత్రాలలో ఈ డిమాండు నాకెక్కడా కనబడలేదు. రంజాను తోఫా మాత్రం ప్రతిసారీ కనబడుతుంది.

చివరగా ఓటర్ల జాబితా. 2019 ఎన్నికలకు ముందు మన రాష్ట్రంలో పేర్లు తొలగించమంటూ ఫారం 7 దరఖాస్తులు మూకుమ్మడిగా పడ్డాయి, పోలీసు కేసులూ నమోదయ్యాయి. 2025లో బీహార్‌లో జరిగిన ప్రత్యేక సమగ్ర సవరణను పత్రికలలో చదివారు. మన పేర్లకు ఉన్న ఇబ్బంది మరెవరికీ అంతగా లేదు. ఒకే మనిషి ఒక కాగితంలో షేక్, మరొకదానిలో షైక్, ఇంకొకదానిలో షేఖ్. పెళ్ళికి ముందు బీ, తరువాత బేగం. మా అమ్మీ పేరు ఆధార్‌లో ఒకటి, ఓటరు కార్డులో ఒకటి, పొలం పాసుపుస్తకంలో మరొకటి. ఓటరు కార్డులో సరిచేయించడానికి నాకు మూడుసార్లు తిరగవలసి వచ్చింది. చదువుకున్న నాకే అలా ఉంటే, పాణ్యం పక్క పల్లెలో కూలికి పోయే అక్క ఏం చేయగలదు? ఎవరైనా అభ్యంతరం పెట్టినంత మాత్రాన పేరు తీసివేయరాదు, నోటీసు ఇచ్చి మన మాట వినాలి. తప్పుడు వివరాలతో ప్రకటన ఇవ్వడం నేరం. ఆ నోటీసు వచ్చినప్పుడు చదివిపెట్టే మనిషి వీధికొకరైనా ఉండాలి.

నియోజకవర్గ జాబితా ప్రతిని కేంద్రాల వారీగా వెనుకనున్న బల్లపై ఉంచాము. ఫారం 8 పత్రాలూ ఉన్నాయి. మగ్రిబ్‌కు ఇంకా గంట సమయం ఉంది. సోదరీమణులు ముందుగా వెళ్ళి తమ పేరు, భర్త లేక తండ్రి పేరు, ఇంటి నంబరు సరిచూసుకోవాలని కోరుతున్నాను. పల్లెల నుంచి వచ్చినవారు ఇంటివద్ద ఉన్నవారి పేర్లు కూడా రాయించి వెళ్ళండి.