సేవ చాటున పడిన రాజకీయం
(మాడుగుల సభలో చేసిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ స్మారకోపన్యాసం)

వేదిక ఎక్కకముందే మీ ఊరి హల్వా తినిపించారు. గొంతుకి ఇంకా నెయ్యి అంటుకునే ఉంది, మన్నించాలి.

1923 కాకినాడ కాంగ్రెసులో టిక్కెట్టు లేదని నెహ్రూనే గుమ్మంలో ఆపేసిన పద్నాలుగేళ్ళ వాలంటీరు దుర్గాబాయి కథ మీకు తెలిసిందే. మద్రాసు శాసనమండలి 1921లో ఆస్తి ఉన్న స్త్రీలకు ఓటివ్వడం, ఉప్పు సత్యాగ్రహం, జైళ్ళు పాఠ్యపుస్తకాల్లో ఉన్నవే. దాటేస్తాను. నేను ఏళ్ళ తరబడి తవ్వుకున్న చోటు మీకు దగ్గరే, వాల్తేరు.

అక్కడి ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో రాజనీతిశాస్త్రం చదవాలని దుర్గాబాయి వెళ్ళారు. ఆడపిల్లలకు హాస్టలు లేదు, చేర్చుకోలేమన్నారు వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు. మనమైతే సిఫారసు ఉత్తరం కోసం తిరుగుతాం. ఆవిడ పత్రికలో ప్రకటన వేయించారు, హాస్టలు లేక చదువు ఆగిన అమ్మాయిలెవరైనా ఉంటే రాయమని. కొందరు కదిలొచ్చారు. అంతా కలిసి వసతి చూసుకున్నారు. ఇక సాకు మిగల్లేదు. ఈ ముచ్చటను అందరూ ‘పట్టుదల’ కింద చెబుతారు. నన్నడిగితే ఇది అచ్చమైన రాజకీయం. ఒక్కదాని అర్జీని నలుగురి హక్కుగా మార్చారు.

ఇక్కడే కొందరు పండితులతో నాకు పాత పేచీ. వాళ్ళకామె సంఘసేవకురాలు, అంతే. 1937లో ఆంధ్ర మహిళా సభ, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు అని రాసి చేతులు దులుపుకుంటారు. అయ్యా, మధ్యలో రాజ్యాంగసభ ఎటుపోయింది? అందులో ఉన్న 15 మంది స్త్రీలలో ఆమె ఒకరు. రాజ్యసభ సభ్యత్వానికి 35 ఏళ్ళుండాలని ముసాయిదా అంటే, 30 చాలని సవరణ తెచ్చి నెగ్గించారు. ఇదీ సేవేనా?

మరికొందరున్నారు. చట్టసభల్లో స్త్రీలకు రిజర్వేషన్లు వద్దన్నది కలవారి ఇళ్ళ ఆడవాళ్ళేనని వీళ్ళ వాదం. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేస్తే, పెద్దయ్యాక ఆ పెళ్ళిని కాదనుకున్న దుర్గాబాయి ఏ మేడలో పెరిగారట? 1931లోనే మహిళా సంఘాలు మాకు ప్రత్యేక సీట్లు వద్దు, వయసొచ్చిన వారందరికీ ఓటివ్వండని అడిగాయి. ఓటొస్తే మిగతాది అదే చూసుకుంటుందనుకున్నారు. చూసుకోలేదు. 1952 ఎన్నికల్లో దుర్గాబాయే ఓడారు. ప్రణాళికా సంఘం సభ్యత్వం, సంక్షేమ బోర్డు ఆమెకు ఆ తర్వాతే. ఈ వరస చూడకుండా ఆమె రాజకీయం వదిలి సేవకు వెళ్ళారనడం తప్పు. రాజకీయం తలుపు మూసుకుపోతేనే పక్కదారిన వెళ్ళారని నా వాదన. ఓటొక్కటే చాలలేదనడానికి ఇంకో రుజువు: ఆ ఎన్నికల జాబితాల నుంచే, ‘ఫలానావారి భార్య’ అని తప్ప సొంత పేరు చెప్పని ఆడవాళ్ళను 28 లక్షల మంది దాకా కొట్టేశారు. ఎక్కువమంది ఉత్తరాదివాళ్ళు.

అధ్యక్షులవారు వాచీ చూస్తున్నారు, తర్వాతి కథ క్లుప్తంగా చెబుతాను. 1992లో 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీల్లో స్త్రీలకు మూడో వంతు సీట్లు ఇచ్చింది, మన రాష్ట్రం తర్వాత దాన్ని సగం చేసింది. 2023లో 106వ సవరణ లోక్‌సభలో, అసెంబ్లీల్లో మూడో వంతు రాసింది గానీ, జనగణనకూ నియోజకవర్గాల పునర్విభజనకూ ముడిపెట్టింది.

వస్తూ దారిలో ఒక ఫ్లెక్సీ చూశాను. గెలిచినావిడ ఫొటో అరచెయ్యంత, భర్తగారిది నిలువెత్తు. ఈ సభలో వెనక వరుసల్లో ప్రెసిడెంట్లు, వార్డు మెంబర్లు ఉన్నారని విన్నాను. వెంట వచ్చినవారిని అక్కడే కూర్చోమని చెప్పి, మీరు ముందుకి రండమ్మా. మైకు ఇక్కడే ఉంది.