రొయ్యల గుంటలు, అమ్మానాన్నల పన్ను లెక్కలు

ఇందుకూరుపేట, విడవలూరు, ముత్తుకూరు వైపు రొయ్యల గుంటలు చేసిన పెద్దవాళ్లు కొందరు ‘మనది సేద్యమే కదా, పన్నెందుకు?’ అనుకుంటారు. వరి ఆదాయానికి పన్ను లేదు, రొయ్యలకు ఉంది. అమ్మానాన్నలు కొన్నేళ్లుగా రిటర్ను వేయకపోతే నిలదీయకండి, పక్కన కూర్చోండి. ముందు నాన్న పాన్ నంబరుతో ఆదాయపు పన్ను పోర్టల్‌లో 26ఏఎస్, ఏఐఎస్ పత్రాలు చూడండి. బ్యాంకు వడ్డీ, ముందే కోసుకున్న పన్ను (టీడీఎస్) అక్కడ తెలుస్తాయి. తర్వాత సీడు, మేత, డీజిల్ బిల్లులు ఏడాదివారీగా సర్దండి. వేయకుండా వదిలేసిన ఏళ్లకు ఇప్పుడు రిటర్ను వేసే దారి 2022లో వచ్చిన అప్‌డేటెడ్ రిటర్ను; దాని గడువును 2025లో 48 నెలలకు పెంచారు. అసెస్‌మెంట్ సంవత్సరం ముగిసినప్పటి నుంచి లెక్క. ఆలస్యాన్ని బట్టి పన్ను, వడ్డీలపై 25 నుంచి 70 శాతం అదనం. రీఫండు ఈ దారిలో రాదు. మార్చి 31 దాటితే ఆ శాతం మరో మెట్టెక్కుతుంది, కనుక ఈ వారమే ఆడిటరును కలవండి.